బురదలో నాటిన యాంటెన్నా

బ్రెజిల్ ఈశాన్య తీరంలోని రెసిఫె నగరం నిండా నదులు, మడ అడవులు, పీతలు. కార్నివాల్ వస్తే వీధుల్లో మరకతు డోళ్లు మోగుతాయి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవారి సంతతి నిలుపుకున్న వాద్యమిది. 1990ల తొలినాళ్లలో అక్కడి కుర్రాళ్లకు రాక్, హిప్ హాప్ అంటే పిచ్చి. ఇంటి పాటా, బయటి పాటా? ఊళ్లు మారే మనకు తెలియని చిక్కేమీ కాదు!

షికో సైన్స్, అతని నసావ్ జుంబి బృందం రెండూ వదల్లేదు. మామూలు డ్రమ్ సెట్ బదులు అల్ఫాయాలు, అంటే తాళ్లతో బిగించిన పెద్ద డోళ్లు పెట్టారు. పక్కన ఎలక్ట్రిక్ గిటార్. గిటార్ ఎంత గోల చేసినా నడక డోళ్లదే. బురదలో నాటిన డిష్ యాంటెన్నా వీరి ఉద్యమానికి గుర్తు. తొలి ఆల్బమ్ 1994లో వచ్చింది. 1997లో, 30 ఏళ్లకే, షికో కారు ప్రమాదంలో పోయాడు. అల్ఫాయా వాయించే జోర్జి దు పేషి పాట అందుకున్నాడు.