కనిపించని కాపలాదారు

2004 డిసెంబరు 26 ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా తీర సమీపాన సముద్రగర్భం కంపించింది. గ్రేట్ నికోబార్ దక్షిణపు కొసన ఉన్న ఇందిరా పాయింట్ వద్ద నేల సుమారు 4 మీటర్లు కుంగిపోయింది. హిందూ మహాసముద్ర తీరవాసులను హెచ్చరించగల సునామీ వ్యవస్థ ఆనాడు ఏదీ లేదు. ఆ లోటు తీర్చడానికే 2007లో హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రంలో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం నెలకొన్నది. అండమాన్ నికోబార్ తీరాలలో సముద్రమట్టాన్ని కొలిచే పరికరాలు పంపే అంకెలు ఉపగ్రహం మీదుగా ఈ కేంద్రానికి చేరుతుంటాయి.

ఇటువంటి అంకెలను అర్ధరాత్రి, అపరాత్రి అనక అందుకొని భద్రపరచడం మనిషి వల్ల అయ్యే పని కాదు, కంప్యూటరుకు అప్పగించవలసిందే. తెరపై ఏమీ చూపక, ఎవరి ఆజ్ఞ కొరకూ ఎదురుచూడక, లోలోపల పని చేసుకుపోయే ప్రోగ్రామును ఆ రంగంవారు 'డీమన్' అంటారు. భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ ఊహించిన, అలుపెరుగని ఒక భూతం పేరిట 1963 ప్రాంతంలో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ఈ మాట వాడుకలోకి తెచ్చారు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లైనక్స్ వ్యవస్థపై నడిచే సర్వర్లన్నిటా ఇటువంటి భూతాలు ఎన్నో పని చేస్తుంటాయి. వాటిని మేల్కొలపడానికీ, నిద్రపుచ్చడానికీ ఒక పద్ధతి ఉన్నది.

తీగ తెగినా ఆగని పని

హైదరాబాదులోని ఇంజనీరు ఒకరు పోర్ట్ బ్లెయిరులోని సర్వరుకు దూరం నుండే అనుసంధానమై, అంకెలు సేకరించే ప్రోగ్రామును ప్రారంభించారనుకుందాం. 2024 నుండి శ్రీవిజయపురమని వ్యవహరింపబడుతున్న ఈ నగరానికి చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయింది. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. అంతకు పూర్వం దీవులకు ఉపగ్రహమే ప్రధానాధారం. 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం మీదుగా ఒక ప్రశ్న వెళ్లి, జవాబు రావడానికి దాదాపు అర సెకను పట్టేది.

ఏ మార్గమైనా ఒక్కొక్కప్పుడు తెగిపోతుంది. అలా తెగినప్పుడు, ఆ అనుసంధానం ద్వారా మొదలైన ప్రోగ్రాముకు సాధారణంగా 'హ్యాంగప్' అనే సంకేతం అందుతుంది. ఫోను పెట్టివేయడమని దాని అర్థం. టెలిఫోను తీగల మీద కంప్యూటర్లు మాట్లాడుకొన్న కాలం నాటి పేరది. ప్రత్యేకమైన ఏర్పాటు లేకుంటే ప్రోగ్రాము అక్కడితో ముగిసిపోతుంది. ఇంజనీరు తిరిగి వచ్చి చూసేవరకు పని జరగదు.

దీనికి పాత ఉపాయం 'నోహప్' అనే ఆజ్ఞ. ఆ సంకేతాన్ని పట్టించుకోవద్దని ప్రోగ్రాముకు ముందే చెప్పడం దాని పని. అంతకంటె దృఢమైన మార్గం, 2010లో వెలువడిన 'సిస్టమ్‌డీ' అనే నిర్వాహకునికి ప్రోగ్రామును అప్పగించడం. యంత్రం మేల్కొనగానే అది ప్రోగ్రామును మొదలుపెడుతుంది. ముందుగా ఆదేశించి ఉంచితే, పొరపాటున కూలినదానిని తిరిగి లేపుతుంది. ప్రారంభించిన మనిషి ఉన్నా, లేకున్నా పని సాగిపోతుంది.

ఆపడంలోనే నేర్పు

ప్రారంభించడం సులభమే, క్షేమంగా ఆపడంలోనే నేర్పు ఉన్నది. ఆపవలసిన ప్రోగ్రాముకు రెండు విధాల సంకేతాలు పంపవచ్చు. 15వ సంఖ్య సంకేతం ఒక విన్నపం. దానిని ఆలకించేలా రాసిన ప్రోగ్రాము, చేతిలోని అంకెలను ఫైలులో రాసి, ఫైలును మూసి, తన గుర్తులు తొలగించి, సెలవు తీసుకొంటుంది. 9వ సంఖ్య సంకేతం మరణదండన. దానిని ప్రోగ్రాము వినలేదు, కాదనలేదు. తన జ్ఞాపకంలోనే ఉంచుకొని ఇంకా ఫైలుకు పంపని అంకెలు దానితోపాటే నశిస్తాయి.

నష్టం అంతటితో ముగియదు. అనేక డీమన్లు తాము పనిలో ఉన్నామనడానికి గుర్తుగా తమ సంఖ్యను ఒక చిన్న ఫైలులో రాసి ఉంచుతాయి. హఠాత్తుగా చచ్చిన ప్రోగ్రాము ఆ ఫైలును తొలగించలేదు. దానిని చూసి, 'ఇప్పటికే ఒకరు పనిలో ఉన్నారు' అని కొత్త ప్రోగ్రాము మొరాయించవచ్చు. అదే సంఖ్య కాలక్రమాన వేరొక ప్రోగ్రాముకు దక్కితే, పాత ఫైలును నమ్మి ఇచ్చిన 'ఆపు' ఆజ్ఞ నిరపరాధిని బలిగొనవచ్చు.

కనుక నిర్వాహకుని ద్వారానే ఆపమనడం ఉత్తమం. సిస్టమ్‌డీ మొదట 15వ సంకేతం పంపి, వేరొక ఆదేశం లేకుంటే 90 సెకన్లు వేచి చూసి, అప్పటికీ ఆగకుంటే 9వ సంకేతం పంపుతుంది. రాయవలసినది ఎక్కువగా ఉన్న ప్రోగ్రాముకు ఈ గడువు పెంచవలసి ఉంటుంది.

విద్యుత్తులో అధికభాగం డీజిల్ జనరేటర్ల నుండి పొందే దీవులలో ఈ క్రమశిక్షణ మరీ అవసరం. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఇచ్చే కొద్ది నిమిషాలలోనే ప్రోగ్రాములన్నీ వరుసగా పని ముగించుకోవాలి. బ్యాటరీ అడుగంటేదాకా ఉపేక్షిస్తే విన్నపానికి వ్యవధి ఉండదు.

పోయిన ప్రోగ్రామును మళ్లీ నడపవచ్చు. పాడైన యంత్రాన్ని మార్చవచ్చు. గడచిన ఘడియలోని సముద్రమట్టాన్ని మాత్రం మళ్లీ కొలవలేము.