చిన్న తెరచాప పడవకు చుక్కాని: మరమ్మతు, భద్రత

తెలుగు పడవవారి భాషలో పడవ ముందుభాగము అనియము, వెనుకభాగము అమరము. అమరమునకు వ్రేలాడుచు పడవకు దారి చూపునది చుక్కాని. ఒడిశా తీరమున పూరీ, గోపాలపురములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు జాలరులు, స్థానికులు నోలియాలని పిలుచువారు, దుంగలను కట్టిన తెప్పను తెడ్డుతోనే త్రిప్పుదురు. పెద్దవియు బరువైనవియునగు పలకల పడవలకు చుక్కాని అవసరమగును. ఈ రెండింటికిని ఒక ముఖ్యభేదము కలదు. తెడ్డును మనిషి చేయి పట్టియుంచును; చుక్కానిని రెండు మూడు లోహపు బందులు పట్టియుంచును. ఆ బందులు ఊడినచో మొగవద్ద పడవ అలలకు అడ్డము తిరుగును. అడ్డము తిరిగిన పడవ బోల్తాపడుటకు ఒక్క అల చాలును. కావున చుక్కాని మరమ్మతులో పలకకంటె బందులే ప్రధానము.

చుక్కానికి అంగములు మూడు: నీటిలో మునిగియుండు పలక, దానిని త్రిప్పు పిడికర్ర, అమరమునకు తగిలించు బందులు. పలకవైపున క్రిందికి దిగిన చీలలు, అమరమువైపున వానిని ధరించు కడియములు ఉండును. తలుపు బందువలెనే చీల కడియములో తిరుగును. పడవ సాగుచుండగా పలకను ప్రక్కకు త్రిప్పినచో నీటి ఒత్తిడి దానిపై పడి అమరమును రెండవ ప్రక్కకు నెట్టును. వేగము రెట్టింపైనచో ఆ ఒత్తిడి సుమారు 4 రెట్లగును. ఆ భారమంతయు చీలలు, కడియములు, వానిని బిగించిన బోల్టులే మోయవలయును.

ఈ బందులు చెడుటకు ముఖ్యకారణములు మూడు. మొదటిది ఒరపిడి: చీల తిరిగి తిరిగి కడియపు రంధ్రమును కోడిగ్రుడ్డు ఆకారమునకు తెచ్చును. రెండవది తడి: బోల్టుల వెంట నీరు దిగి కొయ్య కుళ్ళును, ఇనుము త్రుప్పుపట్టును. ఉప్పునీటిలో రాగి గాని కంచు గాని ఇనుమునకు తగిలియున్నచో ఇనుము మరింత త్వరగా క్షయించును. మూడవది ఎగదన్నుట: పలక అడుగు ఇసుకమేటకు తగిలినప్పుడు చీలలు కడియములనుండి పైకి లేచిపోవును. కొయ్యపలక నీటిలో తేలు స్వభావము కలదగుటచే, పడవ ఎగిరిపడినప్పుడు తనంతట తానే లేచుటయు కలదు.

పరీక్ష సులభము. పడవను ఒడ్డునకు చేర్చి, పలక అడుగుకొనను పట్టి ప్రక్కలకును, పైకిని కదల్చవలెను. చప్పుడు చేయుచు ఊగినచో చీల గాని కడియము గాని అరిగినదని తెలియును. బోల్టుల చుట్టునుగల కొయ్యను సన్నని దబ్బనముతో పొడిచి చూడవలెను. మెత్తగా దిగినచో లోపల కుళ్ళు కలదు.

రంధ్రము పెద్దదైనచోట లావుపాటి మేకు దిగగొట్టుట తాత్కాలికోపాయమే. పాత రంధ్రమును శుభ్రపరచి, బాగుగా ఆరనిచ్చి, గట్టికొయ్య బిరడాను ఎపాక్సీ జిగురుతో దిగవేసి, మరల క్రొత్త రంధ్రము తొలువవలెను. బోల్టు ఆవలివైపునకు వచ్చి, లోపల దళసరి చెక్కపై వెడల్పైన బిళ్ళతో బిగియవలెను. అప్పుడు భారము ఒక్కచోట నిలువక విస్తరించును. అన్ని కడియముల రంధ్రములును ఒకే తిన్నని గీతపై నుండవలెను. వానిగుండా దారము లాగి చూచినచో వంకర తెలియును. వంకరయున్నచో చుక్కాని బిగుసుకొనును, భారమంతయు ఒక్క చీలపైనే పడును. క్రింది చీల పైదానికంటె కొంచెము పొడవుగా నుండుట మేలు. ఊగు పడవపై దానిని ముందుగా దూర్చి, పిదప పైదానిని సులభముగా తగిలింపవచ్చును. పలక పోగు వెంట చీలినచో ఆరబెట్టి, అతికించి, అడ్డుపట్టీలు వేయవచ్చును. మెడవద్ద పోగునకు అడ్డముగా విరిగినచో క్రొత్తది చేయుటయే క్షేమము.

మరమ్మతైన పిదప భద్రత చూడవలెను. చీల పైకి లేవకుండ, కడియమునకు దిగువ చీలకు రంధ్రము చేసి చిన్న పిన్ను దూర్చవలెను. అయితే లోతు తక్కువైనచోట చుక్కానిని ఎత్తవలసియుండును. కావున ఆ పిన్ను చేతికి అందుచు, ఒక్క లాగుడుతో వచ్చునట్లుండవలెను. ఇది కాక పలకనుండి పడవకు వదులుగా ఒక మోకు కట్టవలెను. బందులన్నియు ఊడినను చుక్కాని కొట్టుకొనిపోదు.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను పడవలో ఒక పొడవైన తెడ్డు, అమరమున దానిని ఇరికించుటకు ఒక మోకుముడి సిద్ధముగా నుండవలెను. చుక్కాని పోయినచో తెరచాపను తగ్గించి, తెడ్డుతో అమరమును అదుపుచేయుచు ఒడ్డు చేరవచ్చును. యంత్రముల రాకతో తెరచాపలు తగ్గినను, యంత్రము ఆగినప్పుడు ఆ తెడ్డే దిక్కగును. తెప్పపై తాతలు నేర్చిన విద్య చుక్కాని గల పడవకును కడపటి రక్షణమగుచున్నది.