ఎండలో పూచే మెట్ట అడవి

నెల్లూరు జిల్లా అనగానే వరి మళ్ళు, రొయ్యల గుంటలు గుర్తొస్తాయి. ఆత్మకూరు దాటి ఉదయగిరి దారి పట్టాక ఆ నెల్లూరు కనబడదు. అక్కడంతా మెట్ట. ఎదురుగా వెలికొండలు, ఉదయగిరి ఊరి నెత్తిన మూడు వేల అడుగుల దుర్గం. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట ఇదేనని ఎవరినడిగినా చెబుతారు. చుట్టూ ఉన్న చెట్ల ఊసు మాత్రం ఎర్రచందనం దుంగలు పట్టుబడిన రోజునే పేపర్లో వస్తుంది.

ఈ అడవికి పెద్దవాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. సంక్రాంతి వెళ్ళాక చెట్లు ఒక్కొక్కటే ఆకు రాలుస్తాయి. వాగులు ఎండి బండలు కాలే రోజుల్లో పూతకొస్తాయి. శివరాత్రి నాటికి మోదుగ, ఎండలు ముదిరాక రేల. బిక్కిదీ వేసవి పూతే. తెల్లగా విచ్చి, గుప్పున వాసనేసి, రాలేలోగా పసుపెక్కుతుంది. ఉదయగిరి పనివాళ్ళు చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కేది ఈ బిక్కి, నర్ది లాంటి కర్రలతోనే. భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న పనితనం అది.

ఎర్రచందనం పూసేది ఏప్రిల్, మే నెలల్లో. కొత్త చిగురుతో పాటే పసుపుపచ్చ పూలగుత్తులు. పూత నిలిచేది కొద్దిరోజులే. ఆ కాస్త వ్యవధిలోనే తేనెటీగలు పని ముగించాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆలూరి జాకబ్ సాలమన్ రాజు బృందం ఈ పూలను గమనించి 2002లో ‘కరెంట్ సైన్స్’లో రాసింది. చెట్టు నిండా పూసినా కాయ కట్టేవి బహు కొద్ది. ఒక చెట్టు పుప్పొడి మరో చెట్టుకు చేరితేనే కాయ బాగా నిలుస్తుంది. ముదురు చెట్లు నరుక్కుపోతే పోయేది కలపేనని లెక్కలు వేస్తుంటాం. మిగిలిన చెట్ల మధ్య దూరం పెరిగి విత్తనమూ తరుగుతుందన్నది నాకు అంతకన్నా పెద్ద నష్టంగా తోస్తుంది.

నిలిచిన కాయకు తొందర లేదు. వేసవిలో పుట్టి, వానలన్నీ చూసి, మళ్ళీ ఫిబ్రవరి, మార్చికి గానీ పండదు. అరచేతిలో పెట్టుకుంటే చిన్న అప్పడమంత గుండ్రటి కాయ, చుట్టూ పల్చటి రెక్క, నడుమ గట్టి ఉబ్బు. కొడితే లోపల ఒక గింజ, ఎప్పుడైనా రెండు. కొన్నింటిలో తాలే. గట్టి తొక్క వల్ల మొలక కష్టం గనక నర్సరీల్లో కాయల్ని నీళ్ళలో నానబెట్టి ఎండబెట్టి, మళ్ళీ నానబెడతారు.

పొడి అడవుల్లో పెరిగే నారయేపి మరీ మొండిది. వర్షాకాలంలో పూసి ఎండాకాలంలో గింజ రాలుస్తుంది గానీ, ఏటా విరగకాయదు. కాపున్న ఏడు విత్తనం పట్టుకోలేకపోతే, మంచి కాపు కోసం మళ్ళీ కొన్నేళ్ళు ఆగాల్సిందే.