గళ్ళలో పుట్టిన అక్షరాలు

వీడియో గేముల్లో 'స్కోరు', 'గేమ్ ఓవర్' అనే మాటలు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి కదా. అవి అలా ఎందుకుంటాయి? మొదట్లో అది అందం కోసం కాదు, జాగా లేక!

తెర అంటే చిన్న చిన్న చుక్కల గుంపు. ఒక్కో చుక్కను పిక్సెల్ అంటారు. 1970, 80లలో కంప్యూటరు మెమరీ చాలా ఖరీదు. అందుకని ఒక్కో అక్షరానికి అడ్డంగా 8, నిలువుగా 8, మొత్తం 64 గళ్ళే ఇచ్చారు. వెలిగిన గడి 1, ఆరిన గడి 0. ఎనిమిది గళ్ళ వరుస ఒక బైటు. అంటే ఒక అక్షరానికి 8 బైట్లు చాలు. ఇంగ్లీషు 26 అక్షరాలూ, 10 అంకెలూ కలిపి 288 బైట్లే!

ఇంగ్లీషు 'ఏ' ఇదిగో:

□□■■■□□□
□■■□■■□□
■■□□□■■□
■■□□□■■□
■■■■■■■□
■■□□□■■□
■■□□□■■□
□□□□□□□□

కుడి పక్క నిలువు వరుస, అడుగు వరుస ఖాళీ. ఎందుకు? పక్క అక్షరం, కింది అక్షరం అంటుకోకుండా. నిలువు గీతలు రెండు గళ్ళ మందం. ఎందుకంటే ఆనాటి టీవీ గొట్టం తెర మీద సన్నని నిలువు గీత సరిగ్గా ఆనదు.

ఈ తరహా అక్షరాలు 1970లలోనే అమెరికాలో అటారీ ఆటల్లో వచ్చాయి. జపాను నామ్కో కంపెనీ 1980లో తెచ్చిన 'పాక్‌మాన్' ఆటలోనూ ఇవే. దాని తెర 224 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. 8తో భాగించండి: 28, 36. అంటే 1008 గదులు. ఏ గదిలో ఏ బొమ్మో నంబరు చెబితే చాలు, తెర నిండుతుంది.

ఇప్పుడు మెమరీకి కరువు లేదు. అయినా పాత ఆటల మీద ఇష్టంతో ఆ అక్షరాలనే మళ్ళీ గీసి, 'ప్రెస్ స్టార్ట్ టూ పీ' అనే ఫాంటుగా ఉచితంగా ఇచ్చారు. అందులో తెలుగు లేదు. మన 'స్త్రీ' రాసి చూడండి. పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. 8 గళ్ళ ఎత్తు ఎలా సరిపోతుంది? మన లిపికి పెద్ద గడి కావాలి. అంటే ఎవరో కూర్చుని, ఒక్కో అక్షరం విడిగా గీయాలి.

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటొచ్చింది. యూనికోడ్ అంటే ప్రతి అక్షరానికీ కంప్యూటరు నంబరు ఇచ్చే పట్టిక. కానీ నంబరు వస్తే సరిపోదు, బొమ్మ కూడా ఉండాలి. గీసే చెయ్యి లేకపోతే ఏ లిపైనా తెర మీదికి రాదు.

దీనికి కంప్యూటరే అక్కర్లేదు. లెక్కల గళ్ళ కాగితం, పెన్సిలు చాలు. 16 గళ్ళ ఎత్తులో మీ పేరు, మీ ఊరి పేరు గీయండి. గోండి, కోయ, సవర ఏ మాటైనా సరే. బాగా కుదిరినవి ఈ పత్రిక పక్కనే అంటిద్దాం!