నమూనా విమానాలకు ఫిల్మ్ తొడుగు

నమూనా విమానపు చెక్క చట్రంపై, వేడికి కుంచించుకుపోయే పలుచని ప్లాస్టిక్ పొరను అతికించి బిగించే ప్రక్రియను ఫిల్మ్ తొడుగు వేయడం అంటారు. గాలిలో విమానాన్ని నిలిపే ఉపరితలాన్ని రెక్కకు ఇచ్చేది ఈ పొరే. తేలికైన బాల్సా చట్రం సులువుగా మెలి తిరుగుతుంది. బిగిసిన పొర దానిని గట్టిపరుస్తుంది. అయితే అదే బిగువు ఒక పక్క ఎక్కువైతే రెక్కను వంకర చేస్తుంది కూడా.

== నేపథ్యం ==
పూర్వం పట్టు గుడ్డను గాని, టిష్యూ కాగితాన్ని గాని అంటించి, దానిపై డోప్ అనే సెల్యులోజ్ వార్నిష్ పలుమార్లు పూసేవారు. అది ఘాటైన వాసన గలది, సులభంగా అంటుకొనేది. 1960వ దశకంలో అమెరికాలో మోనోకోట్ అనే పాలిస్టర్ ఫిల్మ్ వచ్చాక ఈ పని చాలావరకు ఇస్త్రీపెట్టెకు మారింది. జర్మనీకి చెందిన ఓరాకవర్ కూడా ఈ కోవలోనిదే.

== విధానం ==
ఫిల్మ్ అడుగున వేడికి కరిగే జిగురు ఉంటుంది. ఇక్కడ రెండు వేర్వేరు వేడిమిలు అవసరం. ఓరాకవర్ వంటి వాటిలో జిగురు సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద పట్టుకుంటుంది. పొర బాగా కుంచించుకోవడానికి 150 డిగ్రీల వరకు వేడి కావాలి. మోనోకోట్‌కు ఇంతకంటే ఎక్కువ వేడి అవసరం. మొదటే వేడి పెంచితే అంచులు అంటుకోకముందే పొర ముడుచుకుపోతుంది. కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే.

చెక్కను గరుకు కాగితంతో నునుపు చేసి, ధూళిని పూర్తిగా తుడవాలి. చిన్న రేణువు సైతం పొర కింద గుల్లలా కనబడుతుంది. రెక్క అడుగు భాగాన్ని ముందుగా, పై భాగాన్ని తరువాత కప్పుతారు. ఫిల్మ్‌ను కావలసిన దానికంటే కొంత పెద్దదిగా కత్తిరించి, వెనుకనున్న రక్షణ పొరను తీసి, రెండు కొసలను, ఆపై ముందు వెనుక అంచులను చిన్న ఇస్త్రీపెట్టెతో అంటిస్తారు. అంచులన్నీ పట్టిన తరువాతే నడుమ భాగాన్ని వేడి చేయాలి. అతుకుల వద్ద ఒక పొర మరొకదానిపై 5 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండాలి. మెథనాల్ ఇంధనంలో కందెనగా ఆముదం కలుపుతారు. పొగగొట్టం నుండి చిందే ఆ నూనె సందు దొరికితే చెక్కలోకి ఇంకుతుంది.

== రెక్క మెలిక ==
పొర బిగిశాక రెక్కను వెనుకనుండి చూసి, రెండు వైపులను పోల్చాలి. ఒక రెక్క కొస వెనుక అంచు కిందికి దిగి ఉంటే, వేగం తగ్గినప్పుడు ఆ కొస ముందుగా లేవనెత్తే శక్తిని కోల్పోతుంది. విమానం అటు పక్కకు ఒరిగి కూలవచ్చు. దీనిని సరిచేయడానికి రెక్కను మెలికకు ఎదురు దిశలో కొంచెం ఎక్కువగా తిప్పి పట్టుకొని, రెండు వైపుల ఫిల్మ్‌ను వేడి చేసి, చల్లారేవరకు వదలకుండా ఉండాలి. ఇందుకు మరో మనిషి సాయం ఉంటే మేలు.

== తోకను అతికించేటప్పుడు ==
జిగురు ఫిల్మ్‌పై నిలవదు. కనుక తోక కూర్చునే చోట ఫిల్మ్‌ను తొలగించి, చెక్కకు చెక్కను అతికించాలి. ఇక్కడ బ్లేడు చెక్కలోకి దిగితే కంటికి ఆనని గీటు పడుతుంది, తోక ఎగురుతున్నప్పుడు సరిగా ఆ గీటు వెంబడే విరగవచ్చు. అందువల్ల అనుభవజ్ఞులు బ్లేడుకు బదులు వేడిచేసిన సోల్డరింగ్ ఐరన్ మొనతో ఫిల్మ్‌ను మాత్రమే కరిగించి తీస్తారు.

నురుగు రెక్కలపై సాధారణ ఫిల్మ్ వాడరాదు, దానికి కావలసిన వేడికి నురుగే కరిగిపోతుంది. వాటికి తక్కువ వేడితో అంటే రకాలు వేరుగా లభిస్తాయి.