తడిని పట్టే పసుపు

పిల్లలూ! తునిలో రైలు దిగి తాండవ నది దాటితే పాయకరావుపేట వస్తుంది. ఆ ప్రాంతం తమలపాకులకు పెట్టింది పేరు. ఆకు కట్టమీద తడిగుడ్డ కప్పకపోతే వాడిపోతుంది. తడే దానికి ప్రాణం.

అక్కడినుంచి విశాఖపట్నం వైపు వెళితే నక్కపల్లి, పరవాడలలో మందుల ఫ్యాక్టరీలున్నవి. మందుల తయారీలో చాలాచోట్ల తడి పగవాడు! 1900లో ఫ్రాన్సు దేశపు విక్టర్ గ్రిన్యార్ మెగ్నీషియంతో ఒక పదార్థం చేసే పద్ధతి కనిపెట్టి, 1912లో నోబెల్ బహుమతి పొందాడు. ఎన్నో మందుల తయారీకి అది పనికివస్తుంది. కాని దాన్ని ఈథర్ వంటి ద్రవంలో చేయాలి. ఆ ద్రవంలో నీరుంటే పదార్థం కాస్తా పాడైపోతుంది. మీ నాన్నగారి సెల్‌ఫోను బ్యాటరీలోని ద్రవమూ అంతే. అందులో పది లక్షల పాళ్ళకు 20 పాళ్ళ నీరు ఉన్నా ఎక్కువే. అంటే కిలో ద్రవానికి సగం చుక్క కూడా కాదు! అంతకు మించితే లోపల ఘాటైన ఆమ్లం పుట్టి బ్యాటరీని తినేస్తుంది.

మరి ఆ సగం చుక్కను పట్టేదెలా? చెరిసగం పంచి తీర్చే తీర్పును మనవాళ్ళు తుని తగవు అంటారు. స్పిరిట్, నీరు కలిశాక ఏ తగవరీ వాటిని విడదీయలేడు. చూడటానికి రెండూ ఒకటే. 1935లో జర్మనీ శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫిషర్ అయొడిన్‌తో నీటిని కొలిచే పద్ధతి చెప్పాడు. నేటికీ అదే ప్రమాణం. అయితే దానికి పరికరం, మందులు కావాలి. చూడగానే తెలిసే ఉపాయం మరొకటి ఉన్నది: వెలిగే రంగు.

అమ్మనో నాన్ననో పక్కన పెట్టుకుని, పొయ్యికి దూరంగా, చిటికెడు పసుపును కాస్త స్పిరిట్‌లో కలపండి. పొడి అడుక్కు దిగాక పైతేటను రెండు గాజుగ్లాసుల్లో పోయండి. ఒకదానిలో అంతే నీళ్ళు కలపండి. రెండో దానిలో అంతే స్పిరిట్ పోయండి. గది చీకటి చేసి, నోట్లు పరీక్షించే ఊదా దీపం వేయండి. (దీపంకేసి సూటిగా చూడకూడదు సుమా!) స్పిరిట్ ఒక్కటే ఉన్న గ్లాసు పసుపుపచ్చగా మెరుస్తుంది. నీళ్ళు కలిపినది మసకబారుతుంది.

కారణమేమంటే, పసుపులోని కర్క్యుమిన్ అణువు ఊదా కాంతిని మింగి, కొంత భాగాన్ని వేరే రంగు వెలుగుగా తిరిగి ఇస్తుంది. నీటి అణువులు దాన్ని చుట్టుముట్టి పట్టుకుంటే, ఆ శక్తి వెలుగు కాకుండానే వేడిమిగా జారిపోతుంది.

ఇంటి పసుపు సగం చుక్కను పట్టలేదు లెండి. అందుకోసం రసాయన శాస్త్రజ్ఞులు ప్రత్యేకమైన రంగులు తయారుచేస్తున్నారు. కొన్ని తడి తగిలితే ఆరిపోతాయి. కొన్ని తడి తగిలితేనే వెలుగుతాయి. కాగితం ముక్కకు పట్టించి వాడేవీ ఉన్నవి. ఒక చిక్కు మాత్రం ఉన్నది: ఒకే రంగు స్పిరిట్‌లో ఒకలా, ఈథర్‌లో మరొకలా వెలుగుతుంది. అందుచేత ఏ ద్రవానికి ఆ ద్రవంలోనే, తెలిసినంత నీరు కలిపి, ముందుగా కొలత గీసుకోవాలి.