పాటకు సొంత లైను!

ఆదివారం మధ్యాహ్నం. కొత్త ఆంప్లిఫయర్‌లో ఘంటసాల పాట మంద్రంగా సాగుతోంది. ఇంతలో స్పీకర్లో 'టప్‌!'... వంటింట్లో ఫ్రిజ్‌ ఆన్‌ అయింది. కాసేపటికి మళ్లీ 'టప్‌!' ఈసారి గీజర్‌ వంతు. పాటల సెట్టూ ఫ్రిజ్జూ ఒకే వైరు పంచుకుంటే ఇలాగే ఉంటుంది మరి. అందుకే కొందరు ఎంసీబీ బోర్డు నుంచి ఆడియో సెట్టుకు నేరుగా విడి లైను లాగిస్తున్నారు. దాంతో చప్పుళ్లు పూర్తిగా పోతాయని చెప్పలేం కానీ బాగా తగ్గుతాయి.

లావు వైరేదో కావాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. 500 వాట్లు లాగే ఆంప్లిఫయర్‌ కూడా 230 వోల్టుల దగ్గర తీసుకునేది రెండు ఆంపియర్ల పైచిలుకే. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల ఎంసీబీ, అదే సైజు సాకెట్‌ చాలు. వేలు పోసి విదేశీ 'ఆడియో వైరు' గోడలో పెట్టించుకోవడం మోజే. వీధి స్తంభం మీద ఉన్నది మామూలు అల్యూమినియం తీగే కదా!

అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. సెపరేట్‌ లైనంటే ఫేజ్‌ ఒక్కటే బోర్డు నుంచి తెచ్చి, న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ పక్క స్విచ్‌బోర్డులో కలిపేసే ఎలక్ట్రీషియన్లు ఉంటారు. వైరు మిగులుతుంది, గోడ కొట్టే పని తగ్గుతుంది. కానీ ఫ్రిజ్‌ కరెంటు తిరిగెళ్లేది ఆ న్యూట్రల్‌లోనే. ఇక విడి లైను వేసి లాభమేంటి? పైగా రెండు లైన్ల న్యూట్రల్‌ కలిస్తే ఆర్‌సీసీబీ ఊరికే పడిపోవచ్చు. అందుకే బేరం కుదుర్చుకునేటప్పుడే 'మూడు వైర్లూ బోర్డు దాకా విడిగా రావాలి' అని చెప్పాలి. గోడకు సిమెంటు పూయకముందే ఓసారి కళ్లారా చూసుకోవాలి. త్రీఫేజ్‌ ఇళ్లలో సెట్టంతా ఒకే ఫేజ్‌ మీద ఉండాలి. టీవీ ఒకదాని మీదా ఆంప్లిఫయర్‌ మరోదాని మీదా ఉంటే పక్కపక్క సాకెట్ల మధ్య 400 వోల్టులు ఉంటాయి!

మరి ఆగకుండా 'గుయ్‌'మనే మోత సంగతో? దానికి కొత్త లైనుతో పనిలేకపోవచ్చు. ముందు కేబుల్‌ టీవీ వైరు పీకి చూడాలి. మోత ఆగిందంటే దొంగ దొరికినట్టే. టీవీ వైరు ఒకచోట, ఆంప్లిఫయర్‌ మరోచోట ఎర్త్‌ అవడంతో వచ్చే తంటా అది. కేబుల్‌ దారిలో చిన్న ఐసొలేటర్‌ పెడితే సరిపోతుంది. కొందరు మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను తీసేసి మోత ఆపేస్తారు. అది మాత్రం ప్రాణాంతకం. లోపల వైరు ఊడి డబ్బాకు తగిలితే, వాల్యూమ్‌ తిప్పబోయిన పిల్లాడికే షాకు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ ఆ పని చేయడు. ఇంటి ఎర్త్‌ ఎలా ఉందో మీటరు పెట్టి చూస్తాడు. ఎండాకాలంలో ఎర్త్‌ గుంత ఎండిపోతే నీళ్లు పోయమంటాడు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టిస్తాడు.

గోడ తెరిచినప్పుడే స్పీకర్‌ వైర్లకు వేరే పైపు వేయించాలి. కరెంటు వైర్ల పైపులో వాటిని దూర్చకూడదు.

అద్దె ఇల్లయితే గోడ కొట్టాల్సిన పని లేదు. హాల్లో ఏసీ పాయింటు ఖాళీగా ఉందేమో చూడండి. చాలా ఇళ్లలో అది బోర్డు నుంచి విడిగా వచ్చిన లైనే. 16 ఆంపియర్ల సాకెట్‌, ఎంసీబీ మార్పించుకుంటే సరి.